ఉత్త రింగు

జూన్ 4

ఇవాళ మా ఆవిడకి షాకు కొట్టింది. గోడలోని కరెంటు కాదు, ఒంట్లోని డబ్బా కొట్టింది. ఒకసారితో ఊరుకోలేదు.

గుండె గతి తప్పి పిచ్చిగా కొట్టుకుంటే షాకు ఇచ్చి దారిలో పెట్టడానికి కిందటేడు ఎడమ భుజానికి దిగువన, చర్మం కింద పెట్టారు దాన్ని. ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. మా బావమరిది పుణ్యమా అని ఇవాళ నోరు తెరిచింది.

వాడు చేసింది ప్రేమతోనే. గుండె నీరసించాక వాళ్ళక్క కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి, మేడ దిగడమే మానేసింది. అది చూడలేక వాడు ఎక్కడో ప్రకటన చూసి కండరాల మిషను కొనుక్కొచ్చాడు. చిన్న పెట్టె, వైర్లు, జిగురు బిళ్ళలు. బిళ్ళలు అంటించి మీట నొక్కితే కండ దానంతటదే బిగుసుకుని వదులుతుంది. "నువ్వు కూర్చునే ఉండక్కా, ఎక్సర్‌సైజు అదే చేయిస్తుంది" అన్నాడట. కాళ్ళకి పెట్టినప్పుడు హాయిగానే ఉందట. అక్కడితో ఆగొచ్చు కదా. భుజం కూడా లాగుతోందంటే ఒక బిళ్ళ భుజానికి, ఒకటి ఛాతీ పక్కన అంటించాడు.

నేను కింద మా మైకుల రిపేరు షాపులో ఒక స్పీకరుకి కోను మారుస్తున్నాను. పైనుంచి అరుపు వినిపించింది. పెళ్ళయిన దగ్గర్నుంచి వింటున్న గొంతే, అయినా అది ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు.

వెళ్ళేసరికి కుర్చీలోంచి జారి నేల మీద ఉంది. వాడు వైర్లు పీకాల్సింది పోయి తల పట్టుకుని నిలబడ్డాడు. నేను పీకాను. పీకేలోపు ఇంకోటి కొట్టింది. ఒళ్ళంతా ఎగిరి పడింది. డ్రిల్లు టీచరు ఆవిడ. ఒక్క విజిల్ ఊదితే స్కూలు స్కూలంతా వరసలో నిలబడేది. నా కాలు పట్టుకుని "ఆపండి, ఆపండి" అంది. నా చేతిలో ఏముందని ఆపను.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. సామెత బాగానే ఉంది.

జూన్ 5

ఆస్పత్రి. డాక్టరమ్మ చెప్పింది: "లోపలి డబ్బా ఎప్పుడూ గుండెని వింటూ ఉంటుందండీ. ఛాతీ దగ్గర ఇంకో కరెంటు టకటకా కొడుతుంటే గుండే అదుపు తప్పిందనుకుంది. అందుకని షాకు ఇచ్చింది. గుండెకి ఏమీ కాలేదు. డబ్బా కూడా బాగానే ఉంది."

నాకు వెంటనే అర్థమైంది. మైకుకి ఎవరి గొంతు అన్నది తెలియదు, వినిపించిందల్లా లాక్కుంటుంది. జీవితమంతా వాటితోనే గడిపాను.

అర్థమై ఏం లాభం. ఆవిడ దారి పొడుగునా ఎడమ చెయ్యి ఒంటికి కట్టేసినట్టు పట్టుకుని కూర్చుంది.

జూన్ 8

తిండి లేదు. స్నానానికి కూడా భయం. చెయ్యెత్తితే కొడుతుందట. నవ్వితే కొడుతుందట. నవ్వించే ప్రయత్నం నేనూ మానేశాను.

జూన్ 11

బావమరిది వచ్చి మెట్ల దగ్గరే నిలబడ్డాడు. పైకి రావడానికి మొహం చెల్లలేదు. ఆ మిషను చంకలో ఉంది. "సుత్తి ఇవ్వు బావా" అన్నాడు. ఇచ్చాను. షాపు ముందు కూర్చుని దాన్ని పొడి పొడి చేశాడు.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "అక్కని చంపుదామనుకున్నావురా?" అన్నాను. వాడు సుత్తి అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

వాళ్ళమ్మ పోయేనాటికి వాడికి సరిగ్గా మాటలు కూడా రావు. పెంచింది ఈవిడే. మాకు పిల్లలు లేరు, ఉన్నది వాడే. పైకి వెళ్ళి నేనన్న మాట ఆవిడకి చెప్పాను. చాలా రోజుల తర్వాత నన్ను తిట్టింది. తిట్టినందుకు నాకు సంతోషం వేసింది.

జూన్ 19

డాక్టరమ్మ ఇవాళ గట్టిగానే మాట్లాడింది. ఇలా మంచం పట్టుకుని ఉంటే షాకు కాదు, మంచమే చంపుతుందని. నడవలేని వాళ్ళకి తొడల మీద ఇదే కండరాల మిషను ఆస్పత్రిలో పెడతారట.

మా ఆవిడ లేచి బయటికి వెళ్ళబోయింది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"తొడలు గుండెకి దూరం అమ్మా. అక్కడ పెడితే చాలామందిలో డబ్బాకి తెలియను కూడా తెలియదు. అయినా అందరికీ ఏం కాలేదు కాబట్టి మీకూ కాదని నేను చెప్పను. మీకు ఇక్కడే పెట్టి, కంప్యూటర్‌లో డబ్బా ఏం వింటోందో చూసుకున్నాకే మొదలుపెడతాం. ఇంట్లో మాత్రం వద్దు. భుజం, వీపు, ఛాతీ అసలే వద్దు."

మా ఆవిడ నా మొహం చూసి ఒప్పుకుంది.

జూన్ 21

పరీక్ష. ఫిజియో అమ్మాయి బిళ్ళలు చేతిలోకి తీసుకోగానే మా టీచరు వణకడం మొదలుపెట్టింది. మంచం ఇనుప కాళ్ళు నేల మీద గణగణలాడాయి. అప్పుడు ఆ అమ్మాయి సొరుగులోంచి గుండ్రటి రింగు ఒకటి తీసి డబ్బా ఉన్న చోట ఒంటి మీద పెట్టింది.

"ఇది అయస్కాంతం అమ్మా. ఇది ఇక్కడున్నంతసేపు డబ్బా షాకు కొట్టదు. మీ గుండెని మేం ఈ తెర మీద చూస్తుంటాం. అవసరమైతే కొట్టడానికి మా మిషను పక్కనే ఉంది. అయ్యాక ఇది తీసేస్తాం, డబ్బా మళ్ళీ మేలుకుంటుంది."

వణుకు ఆగిపోయింది. అంత తొందరగా ఆగిపోతుందని నేను అనుకోలేదు. బిళ్ళలు పెట్టారు, తొడలు బిగుసుకున్నాయి, వదిలాయి. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని పడుకుంది. డబ్బాకి ఆ కరెంటేమీ వినిపించడం లేదని కంప్యూటర్‌లో చూసి డాక్టరమ్మ కూడా సంతోషించింది. ఆఖర్న రింగు తీయబోతే మా ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఫిజియో అమ్మాయి బతిమాలి తీసుకోవాల్సి వచ్చింది.

దారిలో అడిగింది. "అలాంటివి మన షాపులో ఉంటాయి కదండీ?"

"ఉండవు" అన్నాను.

స్పీకరు వెనక ఉండేది అదే. నా షెల్ఫు నిండా అవే. అబద్ధం చెప్పానని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

జూన్ 24

మళ్ళీ అడిగింది.

"అది పెట్టుకుంటే డబ్బా ఉన్నా లేనట్టే. నిజంగా గుండె గతి తప్పితే పోతావు."

"పోతే పోతాను. పోవడానికి భయం లేదండీ నాకు. అది కొడుతుందేమో అని ఎదురుచూడలేకపోతున్నాను. మీకు కొట్టలేదు కాబట్టి మీకు తెలియదు."

కొట్టలేదు. నిజమే. నేను కిందకి వచ్చేసి పని లేకపోయినా ఒక ఆంప్లిఫయర్ విప్పి కూర్చున్నాను.

జూన్ 27

ఇవాళ ఆస్పత్రికి రానంది. నేనొక్కణ్ణే వెళ్ళి డాక్టరమ్మకి చెప్పాను. ఇలాంటి భయం చాలామందికి వస్తుందట, దానికీ వైద్యం ఉందట. ఇంకో డాక్టరు పేరు చీటీ మీద రాసిచ్చింది. మా ఆవిడకి చూపిస్తే "నాకేం పిచ్చి పట్టలేదు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నేనూ రెట్టించలేదు. చీటీ ఎక్కడో పెట్టాను.

జూన్ 30

ముద్ద మింగదు. గుటక వేస్తే కొడుతుందని.

జూలై 2

నాకొక ఉపాయం తట్టింది. బ్రహ్మాండమైన ఉపాయం. ఎవరితోనూ చెప్పలేను కాబట్టి ఇక్కడైనా మెచ్చుకుంటాను.

స్పీకరు రింగులు ఫ్యాక్టరీలో తయారయ్యాక ఛార్జి చేస్తేనే అయస్కాంతం అవుతాయి. చెయ్యకపోతే ఉత్త రాయి. ఒకసారి సరుకులో పొరపాటున ఛార్జి చెయ్యని రింగు ఒకటి వచ్చింది. చూడ్డానికి మిగతావాటిలాగే ఉంటుంది, గుండు సూదిని కూడా లాగదు. తిరిగి పంపే ఓపిక లేక బిల్లుల మీద బరువుగా వాడుకుంటున్నాను.

దాన్ని కడిగాను. ఒక దళసరి గుడ్డలో పెట్టి చుట్టూ కుట్టాను. నా కుట్లు నాలాగే ఉన్నాయి, ఒకటి తూర్పు ఒకటి పడమర. మెళ్ళో వేసుకుంటే డబ్బా మీదికి వచ్చేలా నాడా కట్టాను. పైకి తీసుకెళ్ళి మొహం గంభీరంగా పెట్టి ఆవిడ చేతిలో పెట్టాను.

"నువ్వు గెలిచావు. ఇదిగో. కానీ ఎవరికీ చెప్పకూడదు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు తీసెయ్యాలి."

గుండెకి హత్తుకుంది. "గుడ్డ ఎందుకు?" అంది. "ఒరుసుకోకుండా. గుడ్డ మందం కదా, పిన్నీసులవీ లాగదు, భయపడకు" అన్నాను. ఎంత ముందుచూపో చూడు నాది.

డబ్బా మేలుకునే ఉంటుంది, ఆవిడ నిద్రపోతుంది. పాము చావకుండా కర్ర విరగకుండా అంటే ఇదే.

జూలై 3

నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. ఇంత మంచి చప్పుడు ఈ మధ్య వినలేదు.

జూలై 7

ఆస్పత్రికి తనంతట తానే బయల్దేరింది. తొడల మీద బిళ్ళలు పెడుతుంటే ఫిజియో అమ్మాయితో కబుర్లు. ఇంటికి రాగానే నా రింగు మెళ్ళో వేసుకుంది. డాక్టరమ్మకి సంగతి చెబుదామనుకున్నాను, మెచ్చుకుంటుందో తిడుతుందో తెలియక ఊరుకున్నాను.

జూలై 12

బాల్కనీ దాకా నడిచింది. వీధిలో ఎవరో పిల్లవాడు వంకరగా పరిగెడుతుంటే "మోకాళ్ళు పైకెత్తరా" అని పైనుంచి కేకేసింది. వాడు హడలిపోయి ఎత్తాడు.

బావమరిది వచ్చాడు. పైకి వచ్చాడు. వాడి చెవి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వాడికి సారీ చెప్పలేదు కానీ, టీ నేనే పెట్టిచ్చాను.

జూలై 18

మెట్లు దిగింది!

నేను షాపులో తల వంచుకుని సోల్డరింగు చేస్తున్నాను. ఎవరో కస్టమరనుకుని "రేపు రండి" అన్నాను. "రేపటికి కాళ్ళు ఉంటాయో లేదో" అంది. కళ్ళెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సోల్డరింగు పొగ అన్నాను. నమ్మలేదు.

నా స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎప్పుడో రావడం మానేసిన షాపు కదా, ప్రతీదీ చూసింది. దుమ్మని తిట్టింది. మూల మీద కొట్లో టీ తాగాలనుందంది. ఒక్కదాన్నే వదిలి వెళ్ళాలా వద్దా అని నేను నసుగుతుంటే "దొంగలొస్తే విజిల్ వేస్తాలెండి" అంది. పరిగెత్తాను. కొట్టువాడికి కూడా చెప్పాను, మా ఆవిడ కిందకి దిగిందని. వాడు డబ్బులు తీసుకోనన్నాడు.

వచ్చేసరికి షెల్ఫు సర్దుతోంది. "కూర్చోమంటే వినవు కదా" అన్నాను. "ఎవరో ఒకరు సర్దాలి కదండీ" అంది. మళ్ళీ మెట్లెక్కింది, మధ్యలో ఆగి ఆగి. నేను వెనకే ఉన్నాను.

ఇవాళ ఇంకేమీ రాయను. ఇది చాలు.

జూలై 20

ఆవిడ చేతి వాచీ ఆగిపోయింది. స్కూలు రోజుల నాటి కీ వాచీ. విప్పి చూస్తే లోపలి స్ప్రింగు అతుక్కుపోయి ఉంది. షాపులో షెల్ఫు దగ్గర కూర్చుంది కదా. ఆ అయస్కాంతాల దగ్గర నావీ ఎన్ని వాచీలు పోలేదు. బాగు చేసిచ్చాను.

జూలై 23

వాచీ మళ్ళీ ఆగింది. పాతది కదా.

జూలై 26

మెడలో గుడ్డ మురికిగా ఉంది, ఇవ్వు ఉతుకుతానన్నాను. ఇవ్వలేదు. "నాది నేను చూసుకుంటాను" అంది. ఈ మధ్య నన్ను దాన్ని తాకనివ్వడం లేదు. చిన్నపిల్లలు బొమ్మని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఒక ఉత్త రాయికి ఇంత భక్తి అని లోపల నవ్వుకున్నాను.

జూలై 29

భోజనాలయ్యాక ఊరికే అడిగింది. "మీరు నాకు ఎప్పుడైనా అబద్ధం చెప్పారా?"

"లేదు" అన్నాను.

"నేనూ అంతే" అని నవ్వింది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు సిగ్గేసింది నాకు. మంచికి చెప్పిన అబద్ధం అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను.

ఆగస్టు 2

వంట మొత్తం తనే చేసింది. ఉప్పు ఎక్కువైంది. రెండోసారి వడ్డించుకున్నాను.

ఆగస్టు 6

పోయింది.

ఆగస్టు 9

రాయాలి. రాయకపోతే అదే తిరుగుతుంది తలలో.

ఆగస్టు ఆరు. పొద్దున్నే. బట్టలు ఆరేస్తోంది. నేను పక్కనే ఉన్నాను, బకెట్టు పట్టుకుని. ఏదో చెబుతోంది, క్లిప్పులు తక్కువయ్యాయనో ఏదో. మాట సగంలో ఆగింది. పడింది.

నాకు భయం వెయ్యలేదు. అది రాసుకోవాలి. భయం వెయ్యలేదు. డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది: పడిపోతే డబ్బా దాని పని అది చేసుకుంటుంది, మీరు అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి, ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కుతూ ఉండండి అని. ఫోన్ చేశాను. బావమరిదికి చేశాను. ఛాతీ మధ్యలో చేతులు పెట్టి, ఆస్పత్రిలో నేర్పినట్టే నొక్కాను. షాకు ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడు కొడుతుంది అనుకున్నాను. "ఇంకొక్క క్షణం ఓర్చుకో, ఈసారి మంచికే కొడుతుంది" అని ఆవిడతో అన్నాను కూడా.

కొట్టలేదు.

గుడ్డలో రింగు నా మణికట్టుకి తగులుతూనే ఉంది. తీసేద్దామా అనుకున్నాను. ఒకసారి నిజంగానే అనుకున్నాను. నొక్కడానికి అడ్డేమీ లేదు, ఉత్త రాయే కదా, తియ్యడానికి నొక్కడం ఆపాలి, ఎందుకు ఆపడం అనుకున్నాను.

అంబులెన్సులో వచ్చినావిడ నన్ను పక్కకి నెట్టి, జాకెట్టు కత్తిరించడానికి కత్తెర తీసింది. కత్తెర గుడ్డ దగ్గరికి వెళ్ళగానే చేతిలోంచి జారి రింగుకి అతుక్కుంది. టక్ మంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ వినే చప్పుడు. ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు.

అంబులెన్సు ఆవిడ నాడా తెంపి రింగుని అవతలికి విసిరింది. కొద్దిసేపటికే డబ్బా మేలుకుని కొట్టింది. ఒళ్ళు ఎగిరి పడింది. మళ్ళీ కొట్టింది. అంబులెన్సు వాళ్ళు కూడా కొట్టారు. జూన్‌లో ఏ షాకు ఆపమని నా కాలు పట్టుకుందో అదే షాకు. ఎన్ని కొట్టినా ఇప్పుడు అరవలేదు.

ఆగస్టు 10

అది నేనిచ్చింది కాదు. నేనిచ్చింది ఉత్తది. మరి అది ఎక్కడిది?

ఆగస్టు 12

ఆస్పత్రి వాళ్ళు ఆవిడ వస్తువులు కవరులో పెట్టి ఇచ్చారు. గాజులు, వాచీ, రింగు. అంబులెన్సు ఆవిడ దాన్ని తీసి జాగ్రత్తగా పంపింది కాబోలు.

గుడ్డ నేను వేసిందే. కుట్లు నావి కావు. సన్నగా, దగ్గర దగ్గరగా, తిన్నగా ఉన్నాయి. స్కూలు జెండాలకి అంచులు కుట్టిన చెయ్యి. నా వంకర కుట్లన్నీ విప్పేసి మళ్ళీ కుట్టుకుంది.

కిందకి వెళ్ళాను. షెల్ఫులో రింగులు వరసగా ఉన్నాయి. ఖాళీ ఏమీ లేదు. ఒక స్క్రూ తీసుకుని ఒక్కోదానికి తాకించుకుంటూ వెళ్ళాను. టక్, టక్, టక్. గోడ వైపున్నదానికి తాకించాను. స్క్రూ కింద పడింది.

ఎప్పుడు మార్చిందో వేరే చెప్పాలా. టీ కోసం నన్ను పంపింది. దొంగలొస్తే విజిల్ వేస్తానంది.

నేనిచ్చింది ఉత్తదని ఎప్పుడు కనిపెట్టిందో. పిన్నీసు లాగదని నేనే చెప్పానుగా, నేను చెప్పాను కాబట్టే పెట్టి చూసి ఉంటుంది. అలా అనుమానం వచ్చిన రోజు నుంచీ మళ్ళీ అదే భయంతో ఉండి ఉంటుంది. నాకు చెప్పలేదు. తిట్టలేదు. నా మీద ఆధారపడలేనని తెలుసుకుని, తన పని తను చూసుకోవడానికి కాళ్ళు కూడదీసుకుంది. నేను ఆనందబాష్పాలు కార్చిన ఆ మెట్లు దిగింది నన్ను చూడడానికి కాదు.

కొట్టువాడు ఆ రోజు టీకి డబ్బులు తీసుకోలేదు.

ఆగస్టు 13

నిజం చెప్పి ఉంటే? ఇవ్వనంటే ఇవ్వనని కూర్చుని, చీటీలో ఉన్న డాక్టరు దగ్గరికి ఎత్తుకునైనా తీసుకెళ్ళి ఉంటే? కనీసం నిజమైన రింగే ఇచ్చి ఉంటే? ఇచ్చి ఉంటే అది ఏమిటో నాకు తెలిసి ఉండేది. పడగానే ముందు దాన్నే పీకేవాణ్ణి.

మోసం చేసి ఇచ్చాను కాబట్టే పీకలేదు.

ఆగస్టు 16

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను.

"తీసి ఉంటే బతికేదా?"

"డబ్బా ఉన్నది అందుకేనండీ. కానీ బతికేదని ఖాయంగా నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు." తర్వాత అంది, "ఛాతీ నొక్కడం మాత్రం బాగా చేశారు. అంబులెన్సు వాళ్ళు రాశారు."

బయటికి వస్తుంటే అడిగింది. "నేను పేరు రాసిచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్ళారా అప్పుడు?"

చీటీ ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆగస్టు 18

షాపు తెరవలేదు.

ఆగస్టు 19

షాపు తెరవలేదు. బావమరిది రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. తినడం లేదు. గడ్డం పెరిగింది. ఇవాళ అన్నాడు, "ఆ రోజు నా మిషను కొట్టిన దెబ్బకే అక్క గుండె లోపల ఏదో తెగి ఉంటుంది బావా. అదే ఇప్పుడు బయటపడింది. నువ్వన్నావు కదా, చంపుదామనుకున్నావా అని. చంపేశాను."

వాడికి రింగు సంగతి తెలియదు. ఇవాళ చెప్పలేదు. వాడు తప్ప నాకెవరున్నారు.

ఆగస్టు 21

నిన్న వాడు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వెళ్ళి చూస్తే చీకటి గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టినట్టు లేదు. వాళ్ళక్క గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉన్నాడు. ఒకసారి చూసి ఊరుకున్నాను. రెండోసారి ఊరుకుంటే నేను మనిషిని కాను.

ఇంటికి తీసుకొచ్చాను. రింగు బల్ల మీద పెట్టాను. ఉత్తది కూడా కిందనుంచి తెచ్చి పక్కన పెట్టాను. మొదట్నుంచీ చెప్పాను. ఆస్పత్రిలో పెట్టింది, ఆవిడ అడిగింది, నేను ఇచ్చింది, ఆవిడ మార్చింది. బట్టలు ఆరేసింది. నేను నొక్కింది. కత్తెర.

వాడు ముందు ఒక రింగు, తర్వాత ఇంకోటి చేతిలోకి తీసుకుని చూశాడు.

"అయితే నా మిషను కాదా?"

"కాదురా. ఆ రోజు గుండెకి ఏమీ కాలేదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. నేనే నీకు సరిగ్గా చెప్పలేదు. కోపంలో ఉన్నాను."

వాడు ఏడ్చాడు. పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఏడుస్తుంటే భుజాలు తేలికపడడం కనిపించింది నాకు. నీళ్ళిస్తే తాగాడు. అన్నం పెడితే నాలుగు ముద్దలు తిన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం, ఆవిడ ఉంటే సంతోషించేది అనుకున్నాను.

చెయ్యి కడుక్కొచ్చి నిలబడే అడిగాడు.

"నువ్విచ్చింది ఉత్తదని అక్కకి తెలిసిపోయింది."

"తెలిసిపోయింది."

"మరి నీకెందుకు చెప్పలేదు?"

"నేను బాధపడతానని అనుకుని ఉంటుంది."

"నీ చెయ్యి దానికి తగులుతూనే ఉందన్నావు కదా బావా. నొక్కుతున్నంతసేపూ."

"ఉందిరా."

తిట్టి ఉంటే బాగుండేది. జేబులోంచి మా ఇంటి తాళంచెవి తీశాడు. అక్క ఒంటరిగా ఉన్నప్పుడు ఏదైనా అయితే రావడానికి ఆవిడే ఇచ్చింది వాడికి. దాన్ని రింగులకి దూరంగా, బల్ల ఈ చివర, నా ముందు పెట్టాడు.

మెట్లు దిగుతుంటే విన్నాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు.